ఎరుపు కనపడని కాగితం

"గుంటూరులో నలుపు తెలుపుతో పనేంట్రా?" అనేవాడు
లాలాపేట స్టూడియోలో గఫూర్ సాయిబు.
"మిరపకాయని బూడిద రంగులో చూపిస్తే
ఎవడికి మండుద్ది?"

పదిహేనో ఏట ఆయన దగ్గరే చేరాను.
హాల్ టికెట్ ఫొటోలు, రేషన్ కార్డు ఫొటోలు,
పెళ్ళి గుంపులోంచి పోయినవాళ్ళ మొహం ఒక్కటే ఊడదీసి
పటానికి సరిపడా పెంచడం,
మూసిన రెప్పల మీద తెరిచిన కళ్ళు గీయడం.
అబద్ధం అక్కడే నేర్చుకున్నా.
దాన్ని మానుకోడానికే సొంత కెమెరా కొన్నా.

ఇరవై మూడేళ్ళు యార్డుకి పోయాను.
టిక్కీలు మోసే వీపులు,
కాటా ముల్లు దగ్గర ఆగిపోయిన రైతు కన్ను,
తొడిమలు తీసే ఆడవాళ్ళ చేతులు.
ఆ చేతులంటే నాకు పిచ్చి.
ఇంటికెళ్ళాక పసిబిడ్డని అరచేత్తో తాకరట,
మోచేతుల మీదే ఆడిస్తారట.

బ్రాడీపేటలో మెట్ల కింద గది.
కిటికీకి నల్ల రంగేసిన గోనెపట్టా.
ఒకే ఒక్క ఎర్ర బల్బు.
ఫొటో కాగితానికి ఎరుపు కనపడదు,
ఆ ఒక్క రంగుకే అది గుడ్డిది.
ఆ ఎర్ర వెలుగులోనే నిలబడి
ఎర్రటి ఊరిని నల్లగా కడిగాను.

ఏప్రిల్లో డెవలపర్ టీ అయ్యేది.
సోడా కొట్టు ఐసు దంచి ట్రేల కింద పరిచేవాణ్ణి.
కరెంటు పోతే
ఎన్‌లార్జర్ కింద సగం మొహం అలాగే ఆగేది.
ఒక ప్రింటు కడగాలంటే గంటసేపు పారే నీళ్ళు;
మునిసిపాలిటీ కుళాయి నలభై నిమిషాలు.
తక్కువపడ్డ ఇరవైకీ మా ఆవిడ బిందెలు, ఆమె మాటలు,
రెండూ నిండుగానే.

చేతుల బొమ్మ ఢిల్లీ గోడకెక్కింది.
పక్కన చీటీలో కాగితం పేరు, కొలతలు, నా పేరు.

మొన్న మాఘంలో నల్లపాడు నుంచి ఒకామె వచ్చింది.
పేరు సువార్త.
ఎవరో ఫోన్లో చూపించారట.
"ఆ వంకర చిటికెనవేలు మా అమ్మదండీ.
మొహం ఏది?"

ఏం చెప్పను.
ఫ్రేము బిగువుగా ఉండాలని కోసేశాను.

మూడు రోజులు వెతికాను,
చెదలు తిన్న కవర్లు, అంటుకుపోయిన కాంటాక్టు షీట్లు.
ఇరవై రెండో ఫ్రేములో దానమ్మ,
తల ఎత్తి, నన్ను కాదు,
నా వెనక ఎవరినో చూసి నవ్వుతూ.
"నన్నే అయ్యుంటది," అంది సువార్త,
"బస్తాల మీద ఎక్కి దూకేదాన్ని."

ఎండ అంతా గోడ మీద పడింది, మొహం నీడలో ఉండిపోయింది.
వెలుగుకీ కాగితానికీ మధ్య నా అరచెయ్యి పెట్టి
నాలుగు సెకన్లు ఆమె చెంపకి గొడుగు పట్టాను.
ట్రేలో ముందు జుట్టు వచ్చింది,
తర్వాత కనుబొమలు,
ఆఖర్న, చాలాసేపటికి, నవ్వు.

ఆరాక చూస్తే ముక్కు పక్కన తెల్ల చుక్క.
నెగటివ్ మీద ధూళి.
యార్డుదే అయ్యుంటుంది, ఎర్రదే అయ్యుంటుంది,
ప్రింటులో తెల్లగా దిగింది.
సన్న బ్రష్ నాలిక మీద తడిపి
పూడ్చబోతుంటే నా మణికట్టు పట్టుకుంది.
"ఉంచండి. అమ్మ ముక్కుపుడక అది.
ఆ ఏడే తాకట్టులో పోయింది, నా బడి ఫీజుకి."

భూతద్దం పెట్టి మళ్ళీ చూశాను.
ధూళే.
ఉన్నది ఉన్నట్టు అని ఇన్నేళ్ళు బతికినవాణ్ణి,
చచ్చినవాళ్ళకి కళ్ళు గీసి, ఇక గీయనని ఒట్టు పెట్టుకున్నవాణ్ణి,
బ్రష్ తీసి గ్లాసులో వేశాను.

రెండు అట్టల మధ్య పెట్టి, దారం కట్టి ఇచ్చాను.
గుమ్మం దాటబోతూ గట్టిగా తుమ్మింది.
మిరపల కాలం, ఊరు ఊరంతా తుమ్ముతుంది.
అయినా శకునం శకునమే కదా.
వెనక్కొచ్చి బల్ల మీద కూచుంది,
మంచినీళ్ళు అడిగింది,
దారం విప్పింది.